ముఖంలో లేని కోపం

ఆధార్ కార్డు మీద తన ఫొటో చూసుకుని నవ్వుకోనివారు మన దేశంలో అరుదు. దొంగలా పడ్డానని ఒకరు, పది రోజులుగా అన్నం తిననివాడిలా ఉన్నానని మరొకరు అంటూ ఉంటారు. ఇంట్లో వేళాకోళానికి పనికివచ్చే ఆ ఫొటోయే ఒకనాడు టీవీ తెర మీద, ఎర్రని వలయం నడుమ, గుండెలదిరే సంగీతంతో ప్రత్యక్షమైతే అది ఇక వేళాకోళం కాదు. ఆ ఫొటోలో కోపం లేదు, నవ్వు లేదు, భయమూ లేదు. కదలవద్దని ఆపరేటరు చెప్పిన మాట విని కదలకుండా కూర్చున్న మనిషి ముఖం అది. అయినా చూసినవారు ‘ఆ కళ్లు చూడండి, ఎంత క్రూరంగా ఉన్నాయో’ అంటారు. ఆ క్రూరత్వం ఆ కళ్లలోకి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నను మేము ఇంతకాలం న్యాయం భాషలోనే అడుగుతూ వచ్చాం. వివక్ష, అపోహ, మూసచిత్రణ అనే మాటలు మా పుటలలో ఎన్నిసార్లు అచ్చయ్యాయో లెక్క లేదు. ఆ మాటలు అబద్ధం కావు. కాని అవి ఎదుటివాడి మనసులో దురుద్దేశం ఉందని ముందే తీర్పు చెప్పేస్తాయి. ఎదుటివాడు ‘నాకు ఎవరి మీదా ద్వేషం లేదు, ఆ మనిషి ముఖం నాకు అలాగే కనబడింది’ అంటాడు. చాలా సందర్భాలలో అతడు నిజమే చెబుతున్నాడని మా నమ్మకం. అందువల్ల ఈసారి చూపు ఎలా పనిచేస్తుందో అక్కడి నుంచి మొదలుపెట్టదలిచాం.

బెల్లం ముక్క నోట్లో వేసుకుని టీ తాగితే టీ చప్పగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి ఇంట్లోకి వస్తే వెలుతురున్న గది కూడా చీకటిగా తోస్తుంది. ఇంద్రియాలు దేనినీ విడిగా కొలవవు, అంతకుముందు అందినదానితో పోల్చి కొలుస్తాయి. ముఖాల విషయంలోనూ ఇంతేనని అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ వెబ్‌స్టర్, ఆయన సహచరులు 2004లో ‘నేచర్’ పత్రికలో చూపించారు. ఒక భావం నుంచి మరొక భావానికి అంచెలంచెలుగా మారే ముఖచిత్రాలను కంప్యూటరుతో తయారు చేశారు. రెండింటికీ సరిగ్గా నడిమధ్యన ఉన్న ముఖాన్ని ఎటూ తేల్చుకోలేక తడబడిన చూపరులే, ఒక చివరి ముఖాన్ని కాసేపు చూసి వచ్చాక అదే నడిమి ముఖాన్ని రెండవ భావంగా గుర్తించారు. ముఖం మారలేదు. చూసేవారి లోపలి సరిహద్దు జరిగింది. స్త్రీ ముఖమా పురుష ముఖమా, జపానువారి ముఖమా తెల్లవారి ముఖమా అనే విషయంలోనూ ఇలాగే జరిగింది. అమెరికాకు వచ్చి చదువుకుంటున్న జపాను విద్యార్థులలో, అక్కడ ఎక్కువకాలం ఉన్నవారి సరిహద్దు కొత్తగా వచ్చినవారి సరిహద్దుతో సమానంగా లేదు. ఏ ముఖాల నడుమ బతుకుతామో ఆ ముఖాలే మన కంటికి కొలబద్ద అవుతాయన్నమాట.

ఇక్కడ ఒక చిక్కుంది. దానిని దాటవేస్తే మేము నిజాయితీగా రాసినట్లు కాదు. ఈ పద్ధతి ప్రకారం కోపపు ముఖాన్ని కాసేపు తదేకంగా చూసినవారికి ఆ తర్వాత వచ్చే మామూలు ముఖం కోపంగా కాదు, ఇంకా సౌమ్యంగా కనబడుతుంది. బెల్లం తర్వాత టీ లాగానే. అలాంటప్పుడు టీవీలో రోజూ భయంకరమైన ముఖాలు చూసేవాడికి వీధిలో ఎదురైన సాయిబు మరింత మంచివాడుగా కనబడాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

దీనికి జవాబు కొంతవరకు చూసిన కాలవ్యవధిలో ఉంది. 1993లో షీలా మర్ఫీ, రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రకటించారు. చైనా భాష రాని అమెరికా విద్యార్థులకు చైనా అక్షరాలు చూపించి, ఏది ఎంత నచ్చిందో చెప్పమన్నారు. ప్రతి అక్షరానికి ముందు ఒక ముఖం మెరిసి మాయమయ్యేది. సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాలసేపు మాత్రమే. చూశామన్న స్పృహ కూడా వారికి లేదు. అయినా నవ్వు ముఖం వెనుక వచ్చిన అక్షరం వారికి ఎక్కువగా నచ్చింది, కోపపు ముఖం వెనుక వచ్చినది తక్కువగా నచ్చింది. అవే ముఖాలను ఒక పూర్తి సెకను పాటు, స్పష్టంగా కనబడేలా చూపినప్పుడు ఆ ప్రభావం నిలవలేదు. తెలిసి చూసినదానిని మనసు పక్కన పెట్టగలదు. తెలియకుండా తాకి వెళ్లినది తరువాత వచ్చినదానికి అంటుకుంటుంది. తదేకంగా చూసిన ముఖం తరువాతి ముఖాన్ని దూరంగా నెడితే, మెరుపులా మెరిసిన ముఖం తన రంగును దానికి పూస్తుంది.

ఈ రెండవ రకం ప్రయోగాల మీద శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు ఉన్నాయి. ప్రభావాలు చిన్నవి, కొద్దిసేపటివి. ప్రయోగశాలలో తెర ముందు కూర్చోబెట్టి కొలిచినవి, ఎక్కువగా అమెరికాలోనూ ఐరోపాలోనూ. అర నిమిషం వార్త చూసినందువల్ల ఒక మనిషి పొరుగువాడికి శత్రువైపోతాడని మేము అనడం లేదు. మేము అనేది ఇంత మాత్రమే: ముఖం చదవడం అనేది అచ్చుకాగితం చదవడం వంటిది కాదు. చదివేవాడు సగం తానే రాసుకుంటాడు.

రాసుకునేది ఎవరి గురించి అన్నదానిని బట్టి ఆ రాత మారుతుంది. 2003లో కర్ట్ హుగెన్‌బర్గ్, గేలెన్ బోడెన్‌హాసెన్ అమెరికాలోని తెల్లవారికి కొన్ని చిన్న చలనచిత్రాలు చూపించారు. వాటిలో ఒక ముఖం కోపం నుంచి నవ్వుకు నెమ్మదిగా మారుతుంది. కోపం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ మీట నొక్కమన్నారు. నల్లవారి పట్ల లోలోపల, తమకే తెలియనంత అంతర్గతంగా వ్యతిరేకత ఎక్కువ ఉన్నవారు, నల్లవారి ముఖంలో కోపం మరికొంతసేపు మిగిలి ఉన్నట్లు చూశారు. తెల్లవారి ముఖాల విషయంలో అలాంటి తేడా కనబడలేదు. నవ్వు మొదలైపోయింది, కాని వారికి ఇంకా కోపమే కనబడుతోంది. నవ్వు ముఖంతో పలకరించడం కూడా దానమేనని మా ఇళ్లలో పిల్లలకు చెబుతాం. ఆ దానం అవతలివాడి చేతికి అందేలోగానే ఆవిరైపోతే పిల్లవాడు ఏం చేయాలి?

అమెరికాలోని నల్లవారి కథను తెచ్చి మన మీద అతికించడం తగదని కొందరు మిత్రులు అనవచ్చు. నిజమే, ఇక్కడ చర్మం రంగుకు ఆ పని లేదు. పక్కపక్కన నిలబడిన ఇద్దరు తెలుగువాళ్లలో ఎవరు ముస్లిమో ముఖం చూసి చెప్పలేం. గడ్డం, టోపీ, బుర్ఖా, పేరు వంటి గుర్తులు చెబుతాయి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ సంగతిని దాచలేదు. గడ్డం, టోపీ ఉన్న మగవారిని పార్కులు, రైల్వే స్టేషన్లు, బజార్ల నుంచి విచారణ పేరుతో తీసుకుపోవడం తరచుగా జరుగుతోందని తమకు చెప్పినవారి మాటలను ఆ నివేదిక నమోదు చేసింది. గుర్తు ముందు కనబడుతుంది, ముఖం తరువాత కనబడుతుంది. గుర్తు కనబడిన ఆ తొలి క్షణంలో కంటికి ఏమేమి గుర్తుకువస్తుందో దానిని బట్టి ముఖం కనబడుతుంది. ఆ గుర్తుకు వచ్చేదానిని తయారు చేసేది ఎవరు?

సినిమా వాళ్లకు ఈ కిటుకు నూరేళ్ల కిందటే తెలుసు. రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి నిర్వికారమైన ముఖాన్ని తీసుకుని, దాని పక్కన ఒకసారి పులుసు గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి స్త్రీని అతికించి చూపాడని సినీ చరిత్రకారులు చెబుతారు. ముఖం ఒకటే. ప్రేక్షకులకు మాత్రం ఒకచోట ఆకలి, మరొకచోట దుఃఖం, ఇంకొకచోట కోరిక కనబడ్డాయి. ఈ రోజు వార్తా ఛానళ్ల ఎడిటింగ్ గదులలో కులెషోవ్ పేరు వినని కుర్రవాళ్లు కూడా ఈ పనిని సునాయాసంగా చేస్తున్నారు. ఆధార్ ఫొటో, పక్కన మంటలు. ఆధార్ ఫొటో, పక్కన పగిలిన గోడ. మధ్యలో సగం సెకను పాటు ముసుగు వేసుకున్న ఎవరిదో పాత బొమ్మ. అది ఏ దేశానిదో, ఏ సంవత్సరానిదో చెప్పరు. భావం లేని ముఖానికే ఈ పద్ధతిలో ఎక్కువ ప్రమాదం. నవ్వుతున్న ఫొటోకు తన భావం తనకుంటుంది, ఖాళీ ముఖం పక్కనున్నదానిని నింపుకుంటుంది. గుర్తింపు కార్డు ఫొటోలన్నీ ఖాళీ ముఖాలే కదా.

మన తెలుగు సినిమాలోనూ ఒకప్పుడు సాయిబు పాత్ర ఉండేది. నాయకుడికి ప్రాణమిచ్చే స్నేహితుడు, వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించేవాడు. గుంటూరులోనో కడపలోనో పుట్టి నిక్షేపంగా తెలుగు మాట్లాడే ముస్లింలకు ఆ భాష ఎవరిదో అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి. ఆ తరువాత ఆ పాత్ర కళ్లకు సుర్మా, మెడకు గళ్ల రుమాలు వచ్చాయి, నవ్వు పోయింది. పాత సాయిబు నవ్వులాటకు మేము బెంగపడటం లేదు. కాని ఆ రెంటికీ మధ్య బడికి వెళ్లే, బ్యాంకులో క్యూలో నిలబడే, కరెంటు బిల్లు చూసి విసుక్కునే మామూలు ముస్లిం ముఖం మన తెర మీద ఎన్నిసార్లు కనబడిందో పాఠకులే గుర్తుచేసుకోవాలి.

ఇదంతా చూపుకు సంబంధించిన ముచ్చటగానే మిగిలిపోయేది, హైదరాబాదులో 2007 జరగకపోయి ఉంటే. మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ పేలుడులోనూ, తదనంతరం పోలీసు కాల్పులలోనూ మనుషులు చనిపోయారు. ఆ తరువాతి నెలల్లో పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. చిత్రహింసల ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. న్యాయస్థానాలు యువకులను నిర్దోషులుగా విడుదల చేశాయి. దర్యాప్తు చివరకు వేరే దిక్కుకు మళ్లింది. ఆ దిక్కున నిందితులైనవారిని కూడా 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ ప్రత్యేక న్యాయస్థానం విడుదల చేసింది. ఇన్ని ప్రాణాలు తీసినది ఎవరో ఈనాటికీ తేలలేదు.

జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్దోషులుగా బయటపడిన 20 మందికి తలా 3 లక్షల రూపాయలు, నిర్బంధించి వదిలిన మరో 50 మందికి తలా 20 వేలు పరిహారంగా ప్రకటించింది. దానితోపాటు సత్ప్రవర్తన పత్రాలు ఇస్తామన్నది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు మంచిచెడ్డలను మేము ఇదివరకే చర్చించాం, ఇక్కడ తిరిగి ఎత్తుకోము. మా దృష్టి ఆ సత్ప్రవర్తన పత్రం మీద ఉంది. ఉద్యోగానికి వెళ్లిన యువకుడు జేబులోంచి ఆ కాగితం తీసి చూపాలి. ఎందుకు చూపాలి? ఎదుటి మనిషి అతని ముఖం ముందే చూసి ఉన్నాడు కనుక. నిర్దోషి అని ప్రభుత్వమే అంటున్న మనిషి కూడా తన ముఖం మీద ఒక కాగితం కప్పుకుని తిరగవలసి వచ్చిందంటే, ఆ ముఖానికి టీవీ తెర మీద ఏమి జరిగిందో ప్రభుత్వానికీ తెలుసునన్నమాట.

చట్టానికి కూడా ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. సాక్షి చేత నిందితుణ్ణి గుర్తింపజేసే పరేడ్‌కు ముందే అతని ఫొటోనో ముఖాన్నో సాక్షికి చూపించి ఉంటే, ఆ గుర్తింపుకు విలువ లేదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పులలో చెప్పింది. అందుకే నిందితుల ముఖానికి గుడ్డ కప్పి తీసుకువస్తారు. ఒకసారి చూసిన ముఖం తరువాతి చూపును చెడగొడుతుందని న్యాయమూర్తులు ప్రయోగశాలల సహాయం లేకుండానే గ్రహించారు. పట్టుబడినవారిని పత్రికల ముందు ఊరేగించవద్దని కేంద్ర హోంశాఖ 2010 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు సూచించింది. పోలీసులు విలేకరులకు వివరాలు వెల్లడించడంపై మార్గదర్శకాలు తయారు చేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. నేరం రుజువు కాకముందే జనం దృష్టిలో మనిషి దోషి అయిపోతున్నాడన్నది ఆ ఆదేశం వెనుకనున్న ఆందోళన. అయినా వరుసగా నిలబెట్టి, వెనుక బ్యానరు కట్టి, నల్ల ముసుగులతో ఫొటోలు తీయించే ఆనవాయితీ పోలేదు. ముసుగు ముఖాన్ని కాపాడుతుందన్న మాట నిజమే. కాని ముసుగు వేశాక పేరు మాత్రం చదువుతారు. అప్పుడు ఒక మనిషి ముఖానికి బదులు ఆ పేరున్న వారందరి ముఖమూ ఆ నల్లగుడ్డ వెనుక కనబడుతుంది.

ఇప్పుడు మనిషి కన్ను చాలదని యంత్రాలను తెస్తున్నారు. ముఖకవళికలను బట్టి ఆపదలో ఉన్న స్త్రీలను కెమెరాలు గుర్తిస్తాయని లక్నో పోలీసులు 2021 జనవరిలో ప్రకటించారు. ఆపదలో ఉన్న స్త్రీని ఆదుకోవడం ఎవరికి ఇష్టం లేదు? కాని ముఖకవళికను బట్టి మనసులోని భావాన్ని నమ్మకంగా చెప్పలేమని లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఆమె సహచరులు ఇంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 2019లో తేల్చారు. కోపం వచ్చినవారంతా కనుబొమలు ముడివేయరు, ముడివేసినవారందరికీ కోపం రాదు. ఎండకూ ముడివేస్తాం, చత్వారానికీ ముడివేస్తాం. ఐరోపా సమాఖ్య పనిచేసే చోట్లా, విద్యాలయాలలోనూ భావాలను చదివే యంత్రాలను 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మన తెలంగాణలో ముఖాలను పోల్చి చూసే విధానాన్ని పోలీసులు 2018 నుంచి వాడుతున్నారు. లాక్‌డౌన్ రోజుల్లో రోడ్డు మీద తన ముఖాన్ని ఫొటో తీశారని హైదరాబాదు సామాజిక కార్యకర్త ఒకరు హైకోర్టుకు వెళ్లారు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ముఖాన్ని గుర్తించడం నుంచి ముఖంలోని ఉద్దేశాన్ని చదవడానికి ఒక్క అడుగే దూరం. ఆ అడుగు పడకముందే మాట్లాడాలి.

ఇంతవరకు వేలు ఎదుటివారి వైపు చూపాం. మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. 2002లో సెత్ పొలాక్, డోరిస్ కిస్ట్లర్ అనే పరిశోధకులు, దెబ్బలు తింటూ పెరిగిన పిల్లలు ఇతర పిల్లల కంటే తక్కువ ఆనవాళ్లతోనే ముఖంలో కోపాన్ని పసిగడతారని చూపించారు. ఇతరులు భయమో విచారమో అనుకునే ముఖాన్ని వారు కోపమనుకుంటారు. దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలుసుకోవడం ఆ పిల్లలకు అవసరం కనుక కన్ను అలా నేర్చుకుంది. అద్దె ఇల్లు అడిగి పేరు చెప్పగానే నిరాకరణ విన్న కుటుంబంలోని పిల్లవాడి కన్ను కూడా ఏదో నేర్చుకుంటూనే ఉంటుంది. ఉపాధ్యాయురాలు తలనొప్పితో ముఖం చిట్లిస్తే తన పేరు వల్లే అనుకుంటాడు. కండక్టరు చిల్లర లేదని విసుక్కుంటే తన టోపీ వల్లే అనుకుంటాడు. కొన్నిసార్లు అతడు అనుకున్నది నిజమే కావచ్చు. కాని ప్రతిసారీ నిజం కాదు, ఏది ఏదో తేల్చుకునే తీరిక అతనికి ఎవరూ ఇవ్వలేదు. మా సభలలో వక్తలు ప్రతి ముఖంలోనూ ద్వేషమే చూడమని ఆ పిల్లవాడికి బోధిస్తున్నప్పుడు మేము ఇబ్బందిగా కదిలాం, పైకి మాత్రం ఏమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాం. గాయాన్ని దాచమని మేము చెప్పడం లేదు. గాయమే కన్ను కాకూడదు.

జరిగిన సరిహద్దు తిరిగి జరగనూ గలదు. 2013లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, నేరాల వైపు జారిపోయే అవకాశం ఉన్న కౌమార వయస్కులకు అటూ ఇటూ కాని ముఖాలు చూపించి, వాటిలో కోపానికి బదులు సంతోషాన్ని గుర్తించడం కొన్ని రోజుల పాటు అలవాటు చేయించారు. తరువాత వారిలో కోపతాపాలు తగ్గాయని వారూ చెప్పారు, వారిని చూసుకునే సిబ్బందీ చెప్పారు. కంప్యూటరు ముందు ఆ పని సాధ్యమైనప్పుడు, ఒకే బెంచీ మీద రజియా, రమణ పదేళ్లు కూర్చుంటే సాధ్యం కాదా? ఆ బెంచీలే వేరైపోతున్నాయి, వీధులు వేరైపోతున్నాయి. పొరుగు ముఖాన్ని పక్కింటి అరుగు మీద చూసే అవకాశం పోయినకొద్దీ టీవీ తెర మీద చూసిందే కొలబద్ద అవుతుంది. అద్దెకు ఇల్లివ్వకపోవడం ఒక కుటుంబానికి జరిగే అన్యాయం మాత్రమే కాదు, ఆ వీధి కన్నులన్నిటికీ జరిగే నష్టం.

ఛానళ్లను మేము అడిగేది పెద్దదేమీ కాదు. అరెస్టు రోజున ఫొటో చూపవద్దని కోరుతున్నాం, ఆ మాట పాటించండి. పాటించలేకపోతే, ఆ మనిషి నిర్దోషిగా విడుదలైన రోజున అదే ఫొటోను అంతే పరిమాణంలో, అన్ని నిమిషాలే, అదే సమయంలో చూపండి. ఎర్ర వలయమూ మంటలూ మాత్రం వద్దు. వీలైతే అతని తల్లి పక్కన కూర్చుని ఉన్న ఫొటో అడిగి తీసుకోండి, ఏ ఇంట్లోనైనా ఒకటి ఉంటుంది.

పాఠకులకు ఒక విన్నపం. మీ బస్తీలో, మీ ఊరిలో ఇలా నిర్దోషులుగా బయటపడినవారు ఉంటే, అరెస్టు వార్త ఏ తేదీన ఎలా వచ్చిందో, విడుదల వార్త వచ్చిందో లేదో, వస్తే ఏ మూలన వచ్చిందో వివరంగా రాసి పంపండి. వారి అనుమతి లేకుండా పేర్లు, ఫొటోలు పంపవద్దు. అందినవన్నీ ఒకచోట చేర్చి ప్రెస్ కౌన్సిలుకూ, వార్తా ప్రసార ప్రమాణాల సంస్థకూ సమర్పిస్తాం. ఎవరి నుంచి ఏమి జవాబు వచ్చిందో ఈ పుటలలోనే ప్రకటిస్తాం.